ఆయుధము పట్టనివాని హక్కు

(ఒక పఠనమందిరపు వార్షికసభలో మేము చేసిన యుపన్యాసపు పాఠము)



యుద్ధము ముగిసిన దేశములలో ప్రజాస్వామ్యమును, అల్పసంఖ్యాకుల హక్కులను, శాంతిభద్రతలను నెలకొల్పుటకు ఇతర రాజ్యములు చేయు సాహాయ్యమునుగూర్చి ప్రసంగింపుమని మీరు మమ్మాదేశించితిరి. విషయము మిక్కిలి విశాలమైనది. దానిని ఆసాంతముగ చెప్పబూనినచో మాటలు పెరుగును, అర్థము జారిపోవును. కావున మేమొక్క దేశమును మాత్రమే గైకొనెదము. అది యూరపుఖండమునకు ఆగ్నేయమున, బాల్కను ప్రాంతమున నున్న బోస్నియా-హెర్జెగోవినా. జనసంఖ్యలో అది మన పెద్ద జిల్లా యొకదానికి మించినది కాదు. అయినను ముప్పదియేండ్లుగా లోకమునందలి గొప్ప రాజ్యములన్నియు ఆ చిన్న దేశమున నేదో యొక రూపమున చేయి పెట్టియున్నవి. అచట ఫలించినదేది, ఫలింపనిదేది యని విచారించినచో పరసాహాయ్యముయొక్క బలమును, దాని లోపమును గూడ మనకు తెలియగలవు.

ఒక యుత్తరముతో ప్రారంభింతము. 2007వ సంవత్సరము జనవరి 3వ తేదీని సారయేవో నగరవాసియైన యాకోబ్ ఫిన్సీ యను న్యాయవాదికి ఎన్నికల సంఘమునుండి యొక ప్రత్యుత్తరము చేరెను. తాను దేశాధ్యక్ష పదవికి పోటీచేయవచ్చునా యని ఆయన యడిగియుండెను. తాము యూదులు గాన పోటీచేయుటకు అర్హులు కారని ఆ సంఘము లిఖితపూర్వకముగ తెలిపెను. ఇది ఏ నియంత యాజ్ఞయు కాదు. ఏ మతోన్మాది కేకయు కాదు. ప్రజాస్వామ్యమును స్థాపించుటకై ప్రపంచరాజ్యములు దగ్గరనుండి వ్రాయించిన రాజ్యాంగము ప్రకారము ఒక గుమాస్తా నిష్కల్మషముగ పంపిన సమాధానము. ఇది ఎట్లు సంభవించెనో తెలిసికొన్నచో ఈనాటి మా యుపన్యాసములోని సారమంతయు తెలిసికొన్నట్లే.

1991వ సంవత్సరపు జనాభాలెక్కలనుబట్టి బోస్నియాలో సుమారు 44 లక్షల జనముండిరి. అందు నూటికి 43 మందికి పైగా మహమ్మదీయ మతస్థులు. వీరినే యిప్పుడు బోస్నియాకు లనుచున్నారు. నూటికి 31 మంది సనాతన క్రైస్తవ సంప్రదాయమునకు చెందిన సెర్బులు. నూటికి 17 మంది రోమను కాథలిక్కులైన క్రొయాటులు. మువ్వురును ఒక్క స్లావుజాతివారే. ఒకరి మాట నొకరు దుబాసీ లేకయే గ్రహింతురు. ఒక్క వీధిలో కాపురముండి, పెండ్లిసంబంధములు సైతము కలుపుకొన్నవారు. యుగోస్లావియా సమాఖ్య విచ్ఛిన్నమగుచుండగా 1992వ సంవత్సరము ఫిబ్రవరి 29, మార్చి 1 తేదీలలో స్వాతంత్ర్యమునుగూర్చి ప్రజాభిప్రాయము గైకొనబడెను. ఓటువేసినవారిలో దాదాపందరు స్వాతంత్ర్యమునే కోరిరి. కాని సెర్బులలో నధికసంఖ్యాకులు ఆ యోటును బహిష్కరించిరి. ఏప్రిల్ నెలలో యుద్ధము వచ్చెను. మూడున్నర సంవత్సరములలో సుమారు లక్షమంది మరణించిరి. ఇరువది లక్షలకు పైగా జనము ఇల్లు వాకిలి విడచి పరుగులిడిరి. సారయేవో నగరము 1425 దినములు ముట్టడిలో నుండెను.

ఆ కాలమున ప్రపంచము ఊరకుండలేదు. కాని చేసినది చాలలేదు. ఐక్యరాజ్యసమితి తన రక్షణదళమును పంపెను. ఆ దళమునకు మొదటి సేనాధిపతి మన భారతదేశపు సైనికుడే: లెఫ్టినెంటు జనరల్ సతీశ్ నంబియార్ 1992 మార్చి మొదలు ఒక సంవత్సరము ఆ భారమును వహించెను. శాంతి లేనిచోట శాంతిని కాపాడుమని పంపబడిన సైన్యమది. 1993 ఏప్రిల్‌లో భద్రతామండలి స్రెబ్రెనిట్సా పట్టణమును సురక్షితప్రాంతముగ ప్రకటించెను. తరువాత మరికొన్ని పట్టణముల నాజాబితాలో చేర్చెను. ఇట్టి ప్రాంతములను నిజముగ రక్షింపవలెనన్న 34,000 మంది సైనికులు కావలెనని సమితి ప్రధానకార్యదర్శి తెలియజేసెను. మండలి మంజూరు చేసినది 7,600. మాట సంపూర్ణముగ నిచ్చి, బలమును నాల్గవపాలుగ నిచ్చుటవలన కలుగు ఫలము 1995 జూలైలో బయటపడెను. తేలికపాటి యాయుధములుగల కొలదిమంది డచ్చి సైనికుల కావలిలోనుండగనే స్రెబ్రెనిట్సా పడిపోయెను. ఎనిమిదివేలకు పైగా పురుషులును, బాలురును వధింపబడిరి. రక్షింతుమని చెప్పి రక్షింపకుండుట అసలు చెప్పకుండుటకంటె ఘోరము. ఏలయన, ఆ మాటను నమ్మియే జనమచట చేరిరి.

ఆ తరువాతనే గొప్ప రాజ్యములకు పట్టుదల వచ్చెను. అట్లాంటిక్ కూటమి విమానదాడులును, రణరంగమున మారిన బలాబలములును పోరాడువారిని సంధికి తెచ్చినవి. అమెరికాలోని డేటన్ నగరమువద్దనున్న వైమానికస్థావరములో మూడు వారములు చర్చలు జరిగి 1995 నవంబరు 21వ తేదీని ఒడంబడిక కుదిరెను. డిసెంబరు 14వ తేదీని పారిసు నగరమున సంతకము లయ్యెను. బోస్నియా అధ్యక్షుడు అలియా ఇజెత్‌బెగోవిచ్, సెర్బియా అధ్యక్షుడు స్లొబొదాన్ మిలోషెవిచ్, క్రొయేషియా అధ్యక్షుడు ఫ్రాన్యో తుజ్‌మన్, ఈ మువ్వురును దానిపై చేవ్రాలు చేసిరి. బోస్నియా యొక్క రాజ్యమే. కాని దానిలోపల రెండు భాగములు: బోస్నియాకులు, క్రొయాటులు కలసిన సమాఖ్యకు నూటికి 51 పాళ్లు భూమి, సెర్బుల రిపబ్లికా స్ర్ప్‌స్కాకు 49 పాళ్లు.

డేటన్ ఒడంబడికను తేలికగ నిందించువారలు కలరు. మేము ఆ తెగకు చేరినవారము కాము. అది తుపాకులను మాన్పించెను. దాని వెంట 60,000 మంది సైనికులు వచ్చిరి. ఈసారి వారికి కావలసిన యధికారమును, ఆయుధములును ఇయ్యబడినవి. యుద్ధము మరల రాలేదు. మూడు దశాబ్దములు బిడ్డలు గుండ్ల చప్పుడు లేక పెరుగుట అల్పలాభము కాదు. వ్యాసపీఠమునందు కూర్చుండి ఆ లాభమును తృణీకరించుట ధర్మము కాదు.

పరసాహాయ్యము ఫలించిన రెండు విషయములను చెప్పెదము. అందు మొదటిది చిన్నదిగ కనబడును, అయినను ఆలోచింపదగినది. యుద్ధానంతరము కారు ముందర తగిలించు నంబరుపలకను జూచి ఆ కారు ఏ భాగమునుండి వచ్చెనో, అందలి మనుజు డేజాతివాడో పసిగట్టుచుండిరి. ఆ కారణమున సరిహద్దు దాటుటకే జనము భయపడిరి. 1998లో అంతర్జాతీయాధికారులు దేశమంతటికి నొకే పలకను ప్రవేశపెట్టిరి. బోస్నియాలో రెండు లిపులు కలవు: లాటిను, సిరిల్లికు. రెండు లిపులయందును ఒకే యాకారముతో నుండు కొలది యక్షరములను మాత్రమే ఏరి ఆ పలకపై నుంచిరి. ఊరి పేరు లేదు, భాగపు గురుతు లేదు. పలకను జూచి పుట్టుక చెప్పుట అసాధ్యమయ్యెను. అంతటితో రాకపోకలు హెచ్చినవి. బస్సు, బజారు, బంధుత్వము మెల్లమెల్లగ కదలినవి. వేయి ధర్మోపన్యాసములు చేయలేని పనిని ఒక రేకుముక్క చేసెను.

రెండవది ఇండ్ల విషయము. పారిపోయినవారి యిండ్లను యుద్ధకాలమున పాడుపడిన యాస్తులుగ ప్రకటించి ఇతరులకు పంచిపెట్టియుండిరి. ఆ యితరులును అనేకులు మరియొకచోటనుండి తరుమబడిన నిర్భాగ్యులే. డేటన్ ఒడంబడిక ఏడవ యనుబంధము ప్రతివానికిని తన యింటికి మరలిపోవు హక్కు కలదని శాసించెను. మొదట కొన్ని సంవత్సరములు ఆ హక్కు కాగితముమీదనే నిలిచెను. స్థానికాధికారులు నేడు రేపని త్రిప్పుచుండిరి. అప్పుడు విదేశసంస్థలు కలసి ఒకే పద్ధతిని అవలంబించినవి: దరఖాస్తులను వచ్చిన వరుసనుబట్టియే తీర్చవలెను, మనుష్యుని జూచి తీర్చగూడదు, తీర్చని యధికారిని పదవినుండి తొలగింపవలెను. రెండు లక్షలకు పైబడిన దరఖాస్తులలో నూటికి తొంబదికి మించి కొలది సంవత్సరములలో తీర్పయ్యెను. 2004వ సంవత్సరమునకు మరలివచ్చిన శరణార్థుల సంఖ్య పదిలక్షలను చేరెను. ఇల్లు దక్కినవారిలో చాలమంది దాని నమ్ముకొని మరియొకచోట స్థిరపడిరనుట నిజమే. అయినను తరిమివేసినవాడు ఆ యింటికి యజమాని కాలేదు. ఇది న్యాయము.

ఇదిగాక, 1993లో హేగు నగరమున స్థాపింపబడిన అంతర్జాతీయ న్యాయస్థానము 161 మందిపై నేరారోపణ చేసెను. రదోవాన్ కరజిచ్, రాత్కో మ్లాదిచ్ అను నిరువురును స్రెబ్రెనిట్సా జాతినిర్మూలనమునకై యావజ్జీవ శిక్షను పొందిరి. సేనానియైనను, నాయకుడైనను విచారణకు తలయొగ్గవలెనను నియమము అచట నిలిచెను.

ఇంత చేసినవారు ఎచట తప్పిరి? రాజ్యాంగమున తప్పిరి.

బోస్నియా రాజ్యాంగము ప్రజలు కూడి చర్చించి వ్రాసికొన్నది కాదు. వారి యోటుచే నామోదింపబడినదియు కాదు. అది డేటన్ ఒడంబడికకు నాల్గవ యనుబంధము. దాని మూలప్రతి ఇంగ్లీషున నున్నది. దాని పీఠికలో బోస్నియాకులు, క్రొయాటులు, సెర్బులు రాజ్యనిర్మాతలైన ప్రజలని చెప్పబడిరి. వారి పేర్ల తరువాత కుండలీకరణములో ‘ఇతరులతో కూడ’ అను నర్థమిచ్చు చిన్నమాట యొకటి కలదు. దేశాధ్యక్షస్థానము మువ్వురు సభ్యులుగలది: ఒక బోస్నియాకు, ఒక క్రొయాటు సమాఖ్యభాగమునుండి, ఒక సెర్బు రిపబ్లికా స్ర్ప్‌స్కానుండి. ప్రజల సభయను పార్లమెంటు పైసభలో పదునేనుగురు: జాతికి ఐదుగురు చొప్పున. ‘ఇతరులకు’ ఈ రెంటను ఒక్క స్థానమును లేదు. లేకపోవుటయే గాదు, పోటీచేయు హక్కును లేదు. దేశములోని యూదులు, రోమాలు, మిశ్రవివాహముల సంతానము, మేము మనుష్యులమే కాని ఏ జాతివారమును కామనువారు, వీరందరును ఆ కుండలీకరణములోని ప్రజలు.

వీరెవరో చూడుడు. 1492లో స్పెయినుదేశము వెళ్లగొట్టగా తురుష్క సామ్రాజ్యమున శరణుపొందిన యూదుల సంతతివారు పదునారవ శతాబ్దినుండి సారయేవోలో కాపురమున్నారు. రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము ఆ నగరమున వారు రమారమి పదివేలమంది. నాజీలును, వారి తొత్తులును వారిలో నధికభాగమును చంపివేసిరి. మిగిలిన కొద్దిమంది 1992 ముట్టడిలో ఏమిచేసిరి? 1892లో స్థాపితమైన ‘లా బెనెవొలెన్సియా’ యను తమ ధర్మసంస్థద్వారా మందులషాపులు నడపిరి, అన్నసత్రము పెట్టిరి, ఉత్తరములు చేరవేసిరి. వచ్చినవాడు మసీదునుండి వచ్చెనా, చర్చినుండి వచ్చెనా యని అడుగలేదు. ఆ సంస్థకు నాయకత్వము వహించినవాడే యాకోబ్ ఫిన్సీ. పిదప ఆయన బోస్నియా రాయబారిగ స్విట్జర్లాండుకు పంపబడెను. పరదేశమున బోస్నియా రాజ్యమంతటి తరఫున మాటలాడుటకు తగినవాడు స్వదేశమున పోటీకి నిలుచుటకు తగడయ్యెను!

ఇక రోమాలు. వీరి పూర్వులు సుమారు వేయేండ్లక్రిందట ఉత్తర హిందూదేశమునుండి బయలుదేరినవారు. ఇప్పటికిని వారి భాషలో నీటికి ‘పాని’ యనియే పేరు. మన రక్తసంబంధులని మురిసిపోవుట మా యుద్దేశము కాదు. ఎంతదూరము నడచినను ఏ దేశమునను గృహస్థులుగ పరిగణింపబడని ప్రజ యొకటి యున్నదని జ్ఞాపకము చేయుటకే చెప్పితిమి. రోమాల ప్రతినిధియైన దెర్వో సెజ్దిచ్ యనునాయన ఫిన్సీతో కలసి స్ట్రాస్‌బర్గు నగరమునందలి ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమున వ్యాజ్యము వేసెను. 2009 డిసెంబరు 22వ తేదీని ఆ న్యాయస్థానపు మహాధర్మాసనము వారి పక్షమున తీర్పు చెప్పెను. బోస్నియా రాజ్యాంగము ఐరోపా మానవహక్కుల ఒడంబడికకు తన యితర శాసనములన్నిటిపై ప్రాధాన్యము నిచ్చుచున్నది. ఆ రాజ్యాంగమే ఆ యొడంబడికను ఉల్లంఘించుచున్నది! కుడిచేయి ఇచ్చినదానిని ఎడమచేయి లాగికొన్నట్లున్నది.

వ్యాజ్యములు అంతటితో నాగలేదు. నేను పౌరురాలను మాత్రమే, ఏ జాతిని ప్రకటింపనని పట్టుబట్టిన అజ్రా జోర్నిచ్ 2014లో గెలిచెను. ఇలియాజ్ పిలావ్ బోస్నియాకు, నివాసము స్రెబ్రెనిట్సా. ఆ పట్టణము రిపబ్లికా స్ర్ప్‌స్కాలో నున్నది గనుక, ఆ భాగమునుండి సెర్బు మాత్రమే పోటీచేయవలెను గనుక, ఆయనకును అర్హత లేదు. ఆయన 2016లో గెలిచెను. చిత్రముగదా! ఏ పట్టణమున బోస్నియాకులను నిర్మూలించిరో ఆ పట్టణమునకు ప్రాణముతో మరలివచ్చిన బోస్నియాకు ఆ యూరినుండి అధ్యక్షస్థానమునకు నిలువరాదు. తీర్పులు వచ్చినవి, మొదటి తీర్పు వచ్చి పదునేనేండ్లు దాటినది, రాజ్యాంగము మారలేదు.

ఏల మారలేదు? ప్రతిపక్షవాదమును న్యాయముగ వినవలెను. వారు చెప్పునది యిది: ‘1992లో తలలు లెక్కించి రాజ్యనిర్ణయము చేయబోయినందుననే యిల్లు తగులబడెను. పెద్దసంఖ్యచే తొక్కబడుదుమని చిన్నసంఖ్య భయపడినచోట కేవల సంఖ్యాబలము శాంతి నీయజాలదు. ఒక్కొక్క జాతికి కుర్చీని, నిషేధాధికారమును గట్టిగ నిచ్చినందుననే మువ్వురును తుపాకులు దించిరి. ఆ కుర్చీని కదల్చినచో మరల తుపాకి లేచును. కొలది జనముకొరకు ముప్పదిలక్షల జనముయొక్క శాంతిని పణము పెట్టుదురా?’

ఇది పిచ్చివాదము కాదు. ఆ భయము నిజమైనది. ముఖ్యముగ మువ్వురిలో చిన్నవారైన క్రొయాటులు తమ ప్రతినిధిని ఇతరులే యెన్నుకొనుచున్నారని చేయు ఫిర్యాదులో సత్యము లేకపోలేదు. సమాఖ్యభాగమున బోస్నియాకులు క్రొయాటు స్థానమునకు గూడ ఓటువేయవచ్చును గదా! కావున నిషేధాధికారముల నన్నిటిని నొక్కనాడు తుడిచివేయుడని మేమనము.

కాని ఈ వాదములో రెండు వేరు విషయములు కలిసిపోయినవి. ఒక జాతి తన భాష, మతము, పాఠశాల, ఊరు కాపాడుకొనుటకు తగిన యడ్డుగోడ యుండవలెననుట యొకటి. ఆ జాతిలో పుట్టనివాడు దేశపు పదవికి అభ్యర్థిగ నిలువనే గూడదనుట మరియొకటి. మొదటిది రక్షణ, రెండవది బహిష్కారము. మొదటిదానిని నిలిపి రెండవదానిని తొలగించుటకు మార్గములు లేకపోలేదు. యూదుడొకడు అభ్యర్థిపత్రము దాఖలుచేసినంత మాత్రమున సెర్బుల పాఠశాల మూతపడదు. క్రొయాటుల చర్చి కూలదు. ఆ మార్పునకు అడ్డుపడునది జాతుల భయముకంటె జాతినాయకుల లాభము. ప్రజలు పౌరులుగ ఓటువేయుట నేర్చినచో రోడ్లు, ఆసుపత్రులు, ఉద్యోగములనుగూర్చి లెక్క యడుగుదురు. జాతిగ ఓటువేయునంతకాలము భయమునుగూర్చి మాత్రమే యడుగుదురు. భయమును అమ్ముకొనువానికి అంతకంటె మంచి బేరమేమి కావలెను?

ఇంకొక సంగతి చూడుడు. డేటన్‌లో మాట చెల్లినది తుపాకులు పట్టిన మూడు పక్షములకు. యూదులకు సైన్యము లేదు. రోమాలకు ఫిరంగులు లేవు. వారు యుద్ధము చేయలేదు గనుక సంధిలో వారి పేరును లేదు. ఆయుధము పట్టినవానికి కుర్చీ, పట్టనివానికి కుండలీకరణము! ఈ నీతిని లోకమునకు నేర్పినచో రేపు ఏ యల్పసంఖ్యాకులైనను ఏమి నేర్చికొందురు? అందువలన అల్పసంఖ్యాకుల హక్కు శాంతికి భారమనుట తప్పు. నిరాయుధుని హక్కును కాపాడు శాంతియే ఆయుధము నవసరము లేనిదిగ జేయగలదు.

విదేశాధికారమునుగూర్చియు కొంత చెప్పవలెను. ఒడంబడిక అమలును జూచుటకు ఉన్నత ప్రతినిధి యను నొక విదేశీయుడు నియమితుడయ్యెను. 1997 డిసెంబరులో జర్మనీలోని బాన్ నగరమున కూడిన రాజ్యములు శాసనములు విధించుటకు, అధికారులను తొలగించుటకు ఆయనకు శక్తి నిచ్చినవి. ఇండ్ల విషయమున, నంబరుపలకల విషయమున ఆ శక్తి మేలుచేసెను. కాని ఔషధము ఆహారమైనది. 2004 జూన్ నెలలో ఒక్కనాడే సుమారు 60 మంది పదవులు కోల్పోయిరి. వారు మొరపెట్టుకొనుటకు న్యాయస్థానము లేదు. 2022 అక్టోబరు 2వ తేదీని ఓటింగు ముగిసిన కొలది నిముషములకే ఎన్నికల నియమములు ఉన్నత ప్రతినిధి యాజ్ఞచే మారినవి. ఇట్టిచోట స్థానిక నాయకుడు సుఖముగ నుండును: కష్టమైన పని విదేశీయుడు చేయును, తాను వానిని తిట్టి యోట్లు పొందును. 2025లో రిపబ్లికా స్ర్ప్‌స్కా అధ్యక్షుడు మిలోరద్ దోదిక్ ఉన్నత ప్రతినిధి నిర్ణయములను ధిక్కరించిన నేరమునకు శిక్షింపబడి పదవిని పోగొట్టుకొనెను. ఆయన చేసినది తప్పే. కాని ముప్పదియేండ్ల తరువాతను దేశపు గొడవ ఒక విదేశీయుని సంతకముచుట్టు తిరుగుచుండుట స్వపరిపాలనకు శుభసూచకము కాదు. పరాధికారపు నీడను నడచిన దేశస్థులము మనము. ఈ సంగతి మనకు వేరుగ చెప్పనక్కరలేదు.

మన యనుభవమొకటి యిచట నిజముగ నుపకరించును. 1909లో ఆంగ్లప్రభుత్వము మతమునుబట్టి ఓటర్లను వేరుచేసెను. ఆ గోడ యెంతవరకు పెరిగెనో మీకు తెలియును. 1947లో మన రాజ్యాంగసభ ప్రత్యేక నియోజకవర్గములను తోసివేసెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు స్థానములు ప్రత్యేకించినను ఆ స్థానములయందు ఓటు అందరిదిగ నుంచెను. మతమునకును, భాషకును, అల్పసంఖ్యాకుల విద్యాలయములకును రక్షణను ప్రాథమిక హక్కులలో చేర్చెను. రాష్ట్రపతి పదవికి మాత్రము ఎవని పుట్టుకయు అడుగలేదు. 1967లో జాకీర్ హుస్సేను, 1997లో కె. ఆర్. నారాయణన్, 2022లో ద్రౌపదీ ముర్ము ఆ పదవి నధిష్ఠించిరి. మనయందు లోపములు లేవని గర్వించుట కాదు. ఆచరణలో మన తప్పులు లెక్కకు మిక్కిలి. కాని రక్షణమును, బహిష్కారమును వేరుచేయవచ్చుననుటకు ఇది నిదర్శనము. మరియు ఆ గ్రంథమును మనవారే దాదాపు మూడేండ్లు తగవులాడుకొని వ్రాసికొనిరి. కావుననే అది మనది. తప్పున్నచో తిట్టుటకును మనకు మనమే దక్కితిమి.

ప్రథమ ప్రపంచయుద్ధానంతరము విజేతలైన గొప్ప రాజ్యములు కూడ నానాజాతిసమితి పూచీతో అల్పసంఖ్యాకుల రక్షణకై ఒడంబడికలు వ్రాయించినవి. నాటి సెర్బు-క్రొయాటు-స్లొవీను రాజ్యమును అందు సంతకము చేసినదే. కాని ఆ నియమములు చిన్నరాజ్యములకే గాని పెద్దరాజ్యములకు వర్తింపవు. తమకు లేని నియమమును ఇతరులకు విధించిన గురువులమాట ఎన్నాళ్లు చెల్లును? రెండు దశాబ్దములు తిరుగకయే ఆ యేర్పాటు కూలిపోయెను. నేడును యూరోపియన్ యూనియన్ తనలో చేర్చుకొనుటకు బోస్నియాను 2022లో అభ్యర్థిగ నంగీకరించి, 2024 మార్చిలో చేరిక చర్చలు ప్రారంభించుటకు సమ్మతించెను. ఆ ద్వారముకడనైనను ఫిన్సీ, సెజ్దిచ్‌ల తీర్పును గట్టిగ నడుగునా, లేక నెమ్మదియే చాలునని సర్దుకొనునా? ఆ ప్రశ్నకు వచ్చు జవాబునుబట్టి పరసాహాయ్యముయొక్క నిజాయితీ తేలును.

ఆశలేదా యని మీరడుగవచ్చును. కలదు, అది పిల్లలయొద్ద కలదు. బోస్నియాలో ‘ఒక కప్పుక్రింద రెండు పాఠశాల’లను విచిత్రమైన యేర్పాటు కలదు. ఒకే కట్టడము, బోస్నియాకు బాలురకు ఒక వాకిలి, క్రొయాటు బాలురకు మరియొక వాకిలి, వేరువేరు పుస్తకములు, వేరువేరు చరిత్రలు. ఇట్టివి యేబదికి మించి యుండెను. యైత్సే పట్టణమున కలసి చదువుకొనుచున్న విద్యార్థులను విడదీయుటకు మరియొక పాఠశాలను ఏర్పరుపబోగా ఆ పిల్లలే వీధికెక్కి వలదనిరి. 2017లో అధికారులు ఆ ప్రయత్నమును విరమించుకొనిరి. వారి చేతిలో ఏ యాయుధమును లేదు. ఏ విదేశీయుని యాజ్ఞయు లేదు. ‘మేము కలసి కూర్చుందుము’ అనిరి, అంతే. మోస్తార్ పట్టణమున 1993 నవంబరులో కూలగొట్టబడిన పురాతనసేతువును ప్రపంచము ధనమిచ్చి 2004లో మరల కట్టించెను. రాతివంతెనను పరులు కట్టగలరు. కాని ఆ పట్టణమునకే 2008 తరువాత పండ్రెండేండ్లు పురపాలక ఎన్నికలు లేకపోయినవి. ఇర్మా బరాలియా యను స్థానికురాలు స్ట్రాస్‌బర్గులో వ్యాజ్యము గెలిచిన పిదప 2020 డిసెంబరులో ఎన్నికలు జరిగినవి. వంతెనపై నడువవలసినవారు ఆ యూరివారే.

ఇక ముగింతము. యుద్ధమున చితికిన దేశమునకు సాహాయ్యము చేయదలచువారికి బోస్నియా చెప్పు బుద్ధులు మూడు. రక్షింతుమని మాట యిచ్చినచో దానికి తగిన బలమును వెంటనే యియ్యవలెను. లేదా ఆ మాట యాడగూడదు. ఇండ్లు, దారులు, న్యాయస్థానములవంటి ప్రత్యక్షమైన పనులను వరుస తప్పక, ముఖము జూడక చేయవలెను. మనుష్యుల నమ్మకము అచటనే పుట్టును. తుపాకులు దింపుటకు వ్రాసిన కాగితమును శాశ్వత రాజ్యాంగమని భ్రమింపరాదు. అందు నిరాయుధునికి చోటు కల్పించుటకు గడువుపెట్టి, ఆ పనిని ఆ దేశప్రజలచేతనే చేయింపవలెను.

మహాశయులారా! కారునకు తగిలించు రేకుపై పుట్టుక తెలియనీయక అక్షరములు కూర్చుట 1998లో సాధ్యమైనది. అభ్యర్థిపత్రముపై ఆ పని చేయుట మాత్రము ఏల యసాధ్యము? దారిలో పోవు బండికి దొరికిన గౌరవము దేశములో పుట్టిన మనుజునికి దొరకవలెను. అది దొరకునంతవరకు బోస్నియాలో యుద్ధము ముగిసినదనియే చెప్పెదము. శాంతి వచ్చినదని చెప్పజాలము.